పార్కులు నిండుతున్నాయి, సినిమా రెండో భాగాలు ఎందుకు తడబడుతున్నాయి?

పెన్నాతీరం, నెల్లూరు

సభ్యులందరికీ నమస్కారం. నేను నెల్లూరులో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిని. ఏటా డిసెంబరులో తొమ్మిదో తరగతి పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్తుంటాం. ఈసారి ఎక్కడికి వెళ్దామని అడిగితే కొందరు చెన్నై వైపు వాటర్ పార్కు అన్నారు, సగానికి పైగా రామోజీ ఫిల్మ్ సిటీ అన్నారు. ఎందుకని అడిగితే, బాహుబలి సెట్టు చూడాలని ఒకే మాటగా చెప్పారు. ఆ సినిమా మొదటి భాగం 2015లో విడుదలైంది. అప్పటికి ఈ పిల్లలు నాలుగేళ్ల వాళ్లు, థియేటర్లో చూసినా గుర్తుండే వయసు కాదు. అదే పిల్లలను ఈ మధ్య వచ్చిన రెండో భాగాల గురించి అడిగాను. ఫోనులో చూశామన్నారు, సగంలో ఆపేశామన్నారు. కథ చెప్పమంటే చెప్పగలిగారు కానీ, ఆ లోకంలోకి ఒకసారి వెళ్లి నిలబడాలన్న ఆశ ఒక్కరి ముఖంలోనూ నాకు కనిపించలేదు.

అప్పటి నుంచి ఈ ఆలోచన నన్ను వదలడం లేదు. ప్రపంచమంతటా పెద్ద సినిమాల వరుసలు నీరసించాయని వింటున్నాం. మరోవైపు, అవే సినిమాల పేరుతో కట్టిన పార్కులకు కుటుంబాలు అప్పు చేసైనా వెళ్తున్నాయని కూడా వింటున్నాం. ఒకే కథ తెర మీద అలసిపోయి, నేల మీద ఎలా నిలబడగలుగుతోంది?

నా చిన్నతనంలో తిరునాళ్లలో ఫొటోల గుడారం ఒకటి ఉండేది. లోపల అట్టతో చేసిన కారు, నక్షత్రాలు అంటించిన చందమామ, మనిషి ఎత్తున హీరో బొమ్మ ఉండేవి. కారు వెనక స్టూలు మీద కూర్చుంటే, చేతులు మాత్రం స్టీరింగు మీద ఉన్నట్టు కనిపించేలా ఫొటోగ్రాఫరు మా మోచేతులను సర్దేవాడు. హీరో బొమ్మ భుజం దగ్గర రంగు పూర్తిగా చెరిగిపోయి ఉండేది, ఎందుకంటే వచ్చిన ప్రతి పిల్లవాడూ అక్కడే చెయ్యి వేసేవాడు. ఆ హీరో సినిమా ఆడుతోందా, పోయిందా అన్నది మాకు పట్టేది కాదు. ఆ భుజం మీద చెయ్యి వేయడం కావాలి, అంతే. అనుభవం ఉన్నవారు తమ అభిప్రాయాలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కొత్తపట్నం అల, ఒంగోలు

మాస్టారు గారూ, నేను ఆడిటర్ దగ్గర పనిచేస్తున్నాను కనుక లెక్కలతో మొదలుపెడతాను. 2024 ఆర్థిక సంవత్సరంలో డిస్నీ సంస్థకు పార్కులు, విహార నౌకలు, వస్తువుల అమ్మకం కలిసిన విభాగం నుంచి దాదాపు 3,400 కోట్ల డాలర్ల రాబడి వచ్చింది. అందులో నిర్వహణ లాభం 920 కోట్ల డాలర్లకు పైమాటే. సినిమాలు, టీవీ, ఓటీటీ అన్నీ కలిసిన వినోద విభాగం లాభం ఆ ఏడాది 400 కోట్ల డాలర్లకు కాస్త తక్కువ. అంటే సినిమాల పేరు మీద ప్రపంచానికి తెలిసిన సంస్థకు అన్నం పెడుతున్నది పార్కులే. పార్కుల మీద పదేళ్లలో 6,000 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని 2023 సెప్టెంబరులో వారు ప్రకటించడానికి కారణం కూడా ఇదే.

అయితే మీరు శీర్షికలో వాడిన 'నిండుతున్నాయి' అన్న మాటను నేను యథాతథంగా ఒప్పుకోలేను. ప్రపంచంలో అత్యధికంగా జనం వచ్చే పార్కు ఫ్లోరిడాలో డిస్నీ వారిదే అయిన మ్యాజిక్ కింగ్‌డమ్. పరిశ్రమ అంచనాల ప్రకారం 2019లో అక్కడికి 2 కోట్ల 9 లక్షల మంది వచ్చారు. 2023లో వచ్చినవారు 1 కోటి 77 లక్షల మంది. మనుషులు తగ్గారు, లాభం పెరిగింది. ఒక్కొక్కరి దగ్గర తీసుకునే మొత్తం పెంచారు కాబట్టే ఇది సాధ్యమైంది. 1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు పెద్దలకు ప్రవేశ రుసుము ఒక డాలరు, రైడ్లకు విడిగా టికెట్లు. ఇప్పుడు అదే పార్కులో బాగా రద్దీ ఉండే రోజున ఒక్కరి టికెట్ 200 డాలర్లు దాటింది. పైగా వరుస తప్పించుకుని ముందుకు వెళ్లాలంటే వేరే రుసుము. దీన్ని జనాదరణ అందామా, ఉన్న ఆదరణను పిండుకోవడం అందామా అన్నది ఆలోచించాలి. సినిమా వరుసలు దెబ్బతిన్నది కూడా ఇలా పిండడం వల్లనే అని నా అనుమానం. పార్కు దగ్గర ఆ ఫలితం ఇంకా బయటపడలేదు.

ట్రంకురోడ్డు, నెల్లూరు

నేను పంపిణీ కార్యాలయంలో చాలా ఏళ్లు పనిచేసి విరమించుకున్నాను. తెలుగు సినిమా వ్యాపారంలో నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర మాదిరిగా నెల్లూరు కూడా ఒక ప్రత్యేక ఏరియా. చిన్న ఏరియా. చిన్నది కనుకనే పెద్ద సినిమా కాస్త తప్పినా ఇక్కడి బయ్యరు తట్టుకోలేడు.

రెండో భాగం ఎలా అమ్ముతారో చెబుతాను. మొదటి భాగానికి వచ్చిన షేరును, అంటే థియేటర్ ఖర్చులు పోను పంపిణీదారుకు మిగిలిన మొత్తాన్ని, ముందు పెట్టి, దానికి పైన ఇంత వేసుకోండి అంటారు. కథ ఏమిటని ఎవరూ అడగరు, అడిగినా చెప్పరు. మాకు తెలిసిన ఒక సంస్థ దగ్గర ఒక సీక్వెల్‌ను, నష్టం వచ్చినా డబ్బు తిరిగి రాని అడ్వాన్సు పద్ధతిలో కొన్నాం. మొదటి రోజు బెనిఫిట్ షోలు, పెంచిన టికెట్ ధరలు, ట్రంకు రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు. శుక్ర, శని, ఆదివారాలు డీసీఆర్ (రోజువారీ వసూళ్ల లెక్క) చూసి అందరం స్వీట్లు పంచుకున్నాం. సోమవారం మ్యాట్నీకి నేనే స్వయంగా వెళ్లి బాల్కనీలో తలలు లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. ఆపరేటరు క్యాబిన్ కిటికీలోంచి నా వైపు చూసి ఏమీ మాట్లాడలేదు. మా యజమాని ఆ నష్టం పూడ్చుకోవడానికి ఊళ్లో స్థలం అమ్ముకున్నారు.

అలాగని రెండో భాగాలన్నీ తడబడ్డాయన్న మాట నిజం కాదు. బాహుబలి, కేజీఎఫ్, పుష్ప, ఈ మూడింటికీ రెండో భాగమే మొదటిదానికంటే పెద్ద విజయం. హిట్ వరుసలో 2020 నుంచి 2025 వరకు మూడు సినిమాలు వచ్చాయి. ప్రతిసారీ కథానాయకుడు మారాడు, కేసు మారింది, వరుస నిలబడింది. దెబ్బ తింటున్నవి వేరే రకం. ఒక సినిమాకు సరిపోయే కథను సాగదీసి, ముగింపు దగ్గర ఆపి, తెర మీద రెండో భాగం పేరు వేసి జనాన్ని ఇంటికి పంపేవి. టికెట్ కొన్నవాడికి పూర్తి భోజనం పెట్టకుండా పాయసం వచ్చే ఏడాది పెడతామంటే, వాడు వచ్చే ఏడాది మన గుమ్మం ఎందుకు తొక్కుతాడు? బాహుబలి మొదటి భాగం కూడా ప్రశ్నతోనే ఆగింది, కానీ అప్పటికే మాహిష్మతిని కళ్లారా చూపించి, యుద్ధం చేయించి, కడుపు నింపి ఆపింది. ఈ తేడా మా వ్యాపారంలో చాలామంది గుర్తించలేదు.

గూడూరు కుర్రాడు

పెద్దలకు నమస్కారం. నేను యానిమేషన్ నేర్చుకుంటున్నాను. హాలీవుడ్ సూపర్ హీరోల మార్వెల్ సినిమాలన్నీ వరుసగా చూసినవాడిని కనుక ఆ వైపు నుంచి చెబుతాను.

2019లో అవెంజర్స్ ఎండ్‌గేమ్ దాదాపు 280 కోట్ల డాలర్లు వసూలు చేసింది. 2023లో అదే సంస్థ నుంచి వచ్చిన ద మార్వెల్స్‌కు 21 కోట్ల డాలర్లు కూడా రాలేదు. మధ్యలో నాలుగేళ్లే. ఆ నాలుగేళ్లలో మాకేమైందో నేను చెప్పగలను. ఒక సినిమా అర్థం కావాలంటే అంతకుముందు ఓటీటీలో వచ్చిన రెండు మూడు ధారావాహికలు చూసి ఉండాలన్న పరిస్థితి వచ్చింది. నేను చూశాను, మా అన్నయ్య మానేశాడు. గూడూరు నుంచి చెన్నై దాకా నాతో కలిసి సినిమాలకు వచ్చిన స్నేహితులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. చివరికి ఏడాదికి ఇన్ని సినిమాలు, ఇన్ని ధారావాహికలకు మించి తీయబోమని మార్వెల్ మాతృసంస్థ డిస్నీ అధిపతే 2024లో ప్రకటించవలసి వచ్చింది. అదే ఏడాది డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్ 130 కోట్ల డాలర్లు దాటింది కనుక అభిమానం చచ్చిపోలేదు. అలసట సినిమా మీద కాదు, ఎడతెగని పాఠాల మీద.

ఇంకొక విషయం. సూళ్లూరుపేట దగ్గర హైవే మీద వి ఎపిక్ థియేటర్ 2019 ఆగస్టులో సాహోతో మొదలైంది. తెర వెడల్పు వంద అడుగులు దాటుతుంది. నెల్లూరు నుంచి దాదాపు వంద కిలోమీటర్లు, అయినా జనం వెళ్తున్నారు, ఇటు చెన్నై నుంచీ వస్తున్నారు. మేము మొదటిసారి వెళ్లినప్పుడు, సినిమా ఇంకా మొదలు కాకముందే, మా వెనక వరుసలోని పెద్దాయన లేచి మెట్లు దిగి తెర దాకా నడిచి, ఒక చివర నుంచి ఇంకో చివరకు అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చారు. ఆయనతో వచ్చిన మనవడు పైనుంచి ఎంత తాతా అని అరుస్తున్నాడు. ఆ రోజు ఏ సినిమా ఆడిందో ఆలోచిస్తే గాని నాకు గుర్తు రాదు. మాస్టారు అడిగిన ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉందనిపిస్తోంది. థియేటరే వెళ్లవలసిన చోటుగా మారినప్పుడు దూరం లెక్కలోకి రాదు.

కావలి ఆడపడుచు, ఫ్లోరిడా

మా పుట్టిల్లు కావలి. పన్నెండేళ్లుగా ఒర్లాండో దగ్గర ఉంటున్నాను. ఊరి నుంచి ఎవరు వచ్చినా ఈ పార్కులకు తీసుకువెళ్లడం నా వంతు. అందుకని కళ్లతో చూసినదే రాస్తున్నాను.

యూనివర్సల్ అనే సినిమా సంస్థ వారు హ్యారీ పాటర్ సినిమాల్లోని ఊరిని ఇక్కడి తమ పార్కులో 2010 జూన్‌లో తెరిచారు. చివరి సినిమా 2011లో వచ్చింది. ఆ వరుస ముగిసి ఇన్నేళ్లయినా ఆ వీధిలో కాలు పెట్టే చోటు ఉండదు. కిందటి వేసవిలో మా మేనకోడలు నెల్లూరు నుంచి వచ్చింది. అక్కడ దుకాణాల కిటికీల ముందు నేలలో కంచు రంగు బిళ్లలు పొదిగి ఉంటాయి. వాటి మీద మంత్రదండాన్ని ఏ దిక్కుకు ఎలా తిప్పాలో గుర్తు చెక్కి ఉంటుంది. పిల్ల ఆ బిళ్ల మీద నిలబడి రెండుసార్లు తిప్పింది, ఏమీ కాలేదు. మూడోసారి పక్కనున్న ఉద్యోగిని పిల్ల మణికట్టును కాస్త కిందికి దించి, 'మెల్లగా' అంది. కిటికీ లోపలి వస్తువు కదిలింది. ఆ పిల్ల నా వైపు తిరగలేదు, ఫొటో తీయమని అడగలేదు, ఊపిరి బిగబట్టి మళ్లీ తిప్పింది. వెనక నిలబడిన వేరే దేశపు పిల్లవాడు తన వంతు కోసం ఎదురుచూస్తూ చప్పట్లు కొట్టాడు. ఆ దండానికి వేరే డబ్బు తీసుకున్నారన్నది నిజమే, ఒంగోలు సోదరుడు చెప్పిన పిండడం ఇక్కడ నిత్యం కనిపిస్తుంది. అయినా ఆ క్షణంలో ఆ పిల్ల ప్రేక్షకురాలు కాదు.

అవతార్ సంగతి చూడండి. మొదటి సినిమా 2009లో, రెండోది 2022లో. పదమూడేళ్లలో ఆ సినిమాను జనం మరచిపోయారని చాలామంది రాశారు. కానీ 2017 మే నెలలో డిస్నీ వారు ఆ లోకాన్ని పార్కులో కట్టారు. గాలిలో తేలే కొండల కింద నిలబడి, రెక్కల జంతువు మీద ఎగురుతున్నట్టు అనిపించే ఆ సవారీ కోసం గంటల తరబడి వరుసలో ఉన్నవాళ్లలో నేనూ ఉన్నాను. సినిమా లేని కాలంలో ఆ కథను బతికించింది ఆ నేలే.

కట్టినదల్లా నిలబడుతుందని మాత్రం అనుకోకండి. 2019లో డిస్నీ వారు తెరిచిన స్టార్ వార్స్ సినిమాల ప్రాంతాన్ని ఏ సినిమాలోనూ కనిపించని కొత్త గ్రహంగా కట్టారు. జనం ప్రేమించిన పాత పాత్రల్లో చాలావరకు మొదట్లో అక్కడ లేవు. కట్టడం అద్భుతం, కానీ చిన్నప్పుడు తెర మీద చూసిన చోటు కోసం వచ్చినవాళ్లు వెతుక్కున్నారు. ఆ తర్వాత 2022లో రెండు రాత్రులు అంతరిక్ష నౌకలో ఉన్నట్టు బస చేసే హోటల్ తెరిచారు. ఇద్దరికి దాదాపు 4,800 డాలర్లు. రెండేళ్లు తిరక్కుండా 2023 సెప్టెంబరులో మూసేశారు.

సింగరాయకొండ అమ్మాయి

అక్కా, మీరు రాసిన మంత్రదండం సంగతి రెండుసార్లు చదివాను. అయితే ఒక సందేహం ఉంది. సినిమా ముందు, చోటు తర్వాత అన్నట్టు అందరూ మాట్లాడుతున్నారు. డిస్నీల్యాండ్‌లో సముద్రపు దొంగల సవారీ 1967లో వచ్చింది, ఆ పేరుతో సినిమా 2003లో వచ్చింది. అంటే చోటు నుంచి కూడా సినిమా పుట్టగలదు. అలాంటప్పుడు పార్కుకు పెద్ద సినిమా వరుస అవసరం ఏముంది?

మన వైపు చూస్తే శ్రీహరికోట ఉంది. అక్కడ ఐదు వేల మంది కూర్చుని రాకెట్ ప్రయోగం చూసే గ్యాలరీని 2019లో ప్రజలకు తెరిచారు. మా తమ్ముడితో వెళ్లాను. అరుపులు, ఈలలు అన్నీ థియేటర్లోలాగే ఉన్నాయి. వెలుగు ముందు కనిపించి, చప్పుడు కాస్త ఆగి వచ్చి గుండె మీద తగిలినప్పుడు మాత్రం అందరూ ఒక్కసారిగా మౌనంగా అయిపోయారు. అది ఏ కథకూ రెండో భాగం కాదు. ప్రతిసారీ కొత్తదే, ప్రతిసారీ అదే చోటు.

కొత్తపట్నం అల, ఒంగోలు

చెల్లెమ్మ చెప్పినది నాకు నచ్చింది. తెలుగు సినిమా పేరుతో ఇక్కడ పార్కు కట్టగలమా అన్నది నా తరువాతి ప్రశ్న. మన దేశంలో సినిమా పేరు మీద సవారీ కట్టే ప్రయత్నం ఒకటి జరిగింది. మహారాష్ట్రలో ఖోపోలీ దగ్గర 2013లో మొదలైన ఇమేజికా పార్కులో హిందీ సినిమా మిస్టర్ ఇండియా పేరుతో సవారీ పెట్టారు. ముంబయిలో 1989 నుంచి నడిచిన ఎస్సెల్ వరల్డ్ అనే వినోద పార్కు 2022లో మూతపడింది. మన దగ్గర వాటర్ పార్కులకే గిరాకీ. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం రెండు గంటలకు ఒంగోలులో ఇనుప సవారీ ఎక్కమంటే ఎవరు ఎక్కుతారు? సినిమా లోకం కట్టాలంటే పైకప్పు, చల్లదనం, ఏటేటా మరమ్మతులు, శిక్షణ పొందిన మనుషులు కావాలి. సినిమా సెట్టు ఆరు నెలలు నిలిస్తే చాలు, పార్కు ముప్పై ఏళ్లు నిలవాలి. టోక్యోలో 1983లో తెరిచిన డిస్నీల్యాండ్‌కు యజమాని డిస్నీ కాదు, ఒక జపాన్ సంస్థ. పేరు వాడుకున్నందుకు డిస్నీకి రాయల్టీ కడుతుంది. 2025 మే నెలలో ప్రకటించిన అబుదాబి డిస్నీ పార్కు కూడా ఇదే పద్ధతి. మనవాళ్లు కడితే ఇలా పేరు ఒకరిది, నేల ఒకరిది అన్న ఒప్పందమే దారి అని నా అంచనా.

ట్రంకురోడ్డు, నెల్లూరు

బాబూ, డబ్బు దొరుకుతుంది. అసలు ప్రశ్న వేరు. మనం తీస్తున్న ఎన్ని సినిమాల్లో కట్టదగిన చోటు ఉంది? మాహిష్మతి ఉంది. 2024లో వచ్చిన కల్కిలో కాశీ నగరం, దాని పైన కాంప్లెక్స్ అనే కట్టడం ఉన్నాయి. ఆ తర్వాత వేళ్లు మడవడానికి నేను ఆలోచించవలసి వస్తోంది. మిగిలినవాటిలో హీరో ఉన్నాడు, నడక ఉంది, మాట ఉంది, అతడు నిలబడిన నేల మాత్రం గుర్తుండదు. హీరోను అట్టబొమ్మ చేసి పెట్టవచ్చు, మాస్టారు గారు చెప్పినట్టు భుజం మీద చెయ్యి వేయవచ్చు. కానీ ఆ బొమ్మ వెనక వీధి లేదు. కళా దర్శకుడికి ఇచ్చే సమయాన్ని తగ్గించి, రెండో భాగం ప్రకటనకు తొందరపడినంత కాలం ఇది మారదు.

పెన్నాతీరం, నెల్లూరు

అందరి మాటలనూ శ్రద్ధగా చదివాను. ఒంగోలు మిత్రుడి లెక్కలు చూశాక శీర్షికలో నేను వాడిన మాట పూర్తిగా సరికాదని ఒప్పుకుంటున్నాను. ట్రంకురోడ్డు గారు చెప్పిన 'నిలబడిన నేల' అన్న మాటనే నిన్న తరగతిలో పిల్లల ముందు పెట్టాను. తమకు నచ్చిన ఏదైనా సినిమాలోని ఒక చోటును కాగితం మీద గీయమన్నాను. నలభై ఒక్క కాగితాలు వచ్చాయి. పద్దెనిమిదింటిలో మాహిష్మతి కోట ఉంది. ఏడుగురు హ్యారీ పాటర్ చదివిన హాగ్వార్ట్స్ బడి గీశారు, ఇద్దరు అవతార్ కొండలు గీశారు. నలుగురు తమ ఊరి గుడి గీసి, ఈ గుడి దగ్గర ఫలానా సినిమా తీశారని కింద రాశారు. తక్కిన పది మందీ హీరోల ముఖాలు గీశారు. చోటు గీయమన్నాను కదా అంటే, ఆ సినిమాలో చోటు గుర్తు రాలేదు సార్ అన్నారు.

ప్రధానోపాధ్యాయుల అనుమతితో రామోజీ ఫిల్మ్ సిటీకి రెండు రోజుల యాత్ర ఖాయం చేశాం. బస్సుకు అడ్వాన్సు ఇచ్చాను. అక్కడ సెట్టు గోడ రాతిగోడలా కనిపిస్తుందనీ, వేలితో తట్టితే డొల్ల చప్పుడు వస్తుందనీ కిందటిసారి వెళ్లి వచ్చిన పిల్లలు వీళ్లకు ముందే చెప్పేశారు. అయినా వీళ్ల ఉత్సాహం తగ్గలేదు, తామే తట్టి చూస్తామంటున్నారు. సింగరాయకొండ అమ్మాయి రాసింది చదివి, రాకెట్ ప్రయోగం ఉన్న రోజు చూసుకుని శ్రీహరికోట గ్యాలరీకి ఇంకో బృందాన్ని తీసుకువెళ్లాలని మా సైన్సు ఉపాధ్యాయురాలు అడుగుతున్నారు. పిల్లలతో వెళ్లినవారు పేర్ల నమోదు ఎంత ముందుగా చేయించుకున్నారో, బస్సు ఎక్కడ ఆపారో ఇక్కడ రాస్తే మాకు ఉపయోగపడుతుంది.